పచ్చి బొమ్మ

నాలుగు శనివారాలు కూర్చుని చేసిన బొమ్మ కిల్న్‌లో పేలిపోయింది. చల్లారాక మూత తీసి చూస్తే ఒక పాదం, దాని చుట్టూ పెంకులు. పక్క అరలో ఎవరో అమ్మాయి చేసుకున్న రెండు కాఫీ కప్పులకి కూడా నా బొమ్మ ముక్కలు తగిలి అంచులు లేచిపోయాయి. ఆ అమ్మాయికి సారీ చెప్పి, ఇంకో రెండు కప్పులకి సరిపడా మట్టి కొనిచ్చాను. నేర్పే మేడమ్ మాత్రం ఆశ్చర్యపోలేదు. "లోపల గుల్ల చెయ్యమన్నాను కదండీ, చేశారా?" అన్నారు. చెయ్యలేదు. చిన్నప్పుడు మేం చేసిన బొమ్మల్లో గుల్ల ఉండేది కాదు మరి.

నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్. అక్కడ ఏది చెడగొట్టినా నిన్నటి వెర్షన్‌కి వెళ్ళిపోవచ్చు. హైదరాబాద్‌లో వారాంతాల్లో మట్టిపని నేర్పే ఈ క్లాసులో చేరింది సరదాకి కాదు, ఒకే ఒక్క బొమ్మ కోసం. నాకు ఏడేళ్ళప్పుడు చేసిన బొమ్మ. దానికి ఫొటో లేదు. దాన్ని చూసినవాళ్ళలో సగం మంది ఇప్పుడు లేరు.

మా అమ్మమ్మ వాళ్ళది అంబాజీపేట దగ్గర ఓ పల్లె. చిన్నప్పుడు మేమూ అక్కడే ఉండేవాళ్ళం. బొమ్మల కొలువు తమిళనాట దసరాకి పెడతారు, మాకు సంక్రాంతికి. భోగి నాడు పొద్దున్నే అటక మీంచి ట్రంకుపెట్టె దిగేది. అందులో కొండపల్లి అంబారీ ఏనుగు, ఏటికొప్పాక లక్కపిడతలు, తిరుపతి చెక్కబొమ్మల జంట, అరచెయ్యంత పింగాణీ పిల్ల ఉండేవి. పింగాణీ పిల్లకి ఒక చెయ్యి లేదు. మిగతావన్నీ తీర్థాల్లో కొన్న మట్టి బొమ్మలు: శెట్టి, శెట్టెమ్మ, దశావతారాలు, పల్లకీ మోసే బోయీలు, పాలమ్మి. ఎండబెట్టి, సుద్ద పూసి, రంగులేసినవే ఎక్కువ. ఏటా కొలువులోకి ఒక్క కొత్త బొమ్మన్నా చేరాలని నియమం. కొనడానికి కుదరని ఏడాది పిల్లలు చేసిన బొమ్మే ఆ లెక్కకి సరిపోయేది. దాని చోటు అట్టడుగు మెట్టు.

1996 నవంబరు 6 రాత్రి తుఫాను కాకినాడకి దక్షిణాన తీరం దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. మా వైపు దాన్ని ఇప్పటికీ పేరు పెట్టి పిలవరు, "తుఫాను" అంటే అదే. మా ఇంటి పెంకులు వాకిలి నిండా పడ్డాయి. మూడో రోజో నాలుగో రోజో ట్రంకుపెట్టె మూత తీశారు. లోపల అడుగున్నర ఎత్తున రంగురంగుల బురద. అందులో శెట్టెమ్మ ముక్కు ఒకచోట, మత్స్యావతారం తోక ఇంకోచోట. కొండపల్లి ఏనుగు ఉబ్బి రంగు వదిలేసింది. పింగాణీ పిల్లకి మాత్రం ఏమీ కాలేదు, పైట చెంగుతో తుడవగానే మెరిసింది.

అమ్మమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఏడవడానికి ఆవిడకి ఇంకా పెద్ద కారణాలున్నాయి. తోటలో సగం చెట్లు వేళ్ళతో లేచిపోయాయి. మిగిలినవాటిలో చాలావాటికి మొవ్వు విరిగిపోయింది. కొబ్బరిచెట్టు ఎదిగేది ఆ ఒక్క చోటునుంచే. మొవ్వు పోతే చెట్టు నిలబడే ఉంటుంది, బతకదు. ఆ ఏడాదంతా మేం బడికి వెళ్ళే దారికి రెండువైపులా తల లేని మొద్దులే.

ఆ జనవరిలో కొలువు ఉండదనుకున్నారు అందరూ. భోగి ముందు రోజు అమ్మమ్మ ట్రంకుపెట్టెలో మట్టి తవ్వి తీసి, నీళ్ళు చిలకరించి, తొక్కి, మా నలుగురు పిల్లలకీ నాలుగు ముద్దలు పంచింది. "ఇందాండి, ఈ ఏడు మీ బొమ్మలు మీరే చేసుకోండి" అంది. నేను చేసింది ఒక ఆడమనిషి. మెడ దాకా మనిషే, మెడ పైన విరిగిన మొద్దు. తల ఆవిడ చంకలో ఉంది: ఓ చిన్న కొబ్బరి మొవ్వు, ఆకుల బదులు చీపురుపుల్లలు. మా అమ్మ దాన్ని చూసి "పండగపూట ఇదేంటి, తీసెయ్" అంది. అమ్మమ్మ వంగి చూసి, "ఉండనీవే. దాని తల దాని దగ్గరే ఉంది కదా" అంది.

పండగ అయ్యాక ఆ నాలుగు బొమ్మల్నీ తొట్టిలో నీళ్ళలో వేసేసింది. వచ్చే ఏడాదికి మట్టి కావాలి కదా.

పేలుడు సంగతికొస్తాను. మెటీరియల్ సైన్స్ సెకండియర్‌లో చదివాను, పాసయ్యాను, మర్చిపోయాను. మళ్ళీ చదివితే తెలిసింది ఇదీ. మట్టిలో నీళ్ళు రెండు రకాలు. ఒకటి రేణువుల మధ్య ఉండే తడి, ఇది ఎండకి, వేడికి పోతుంది. రెండోది మట్టి ఖనిజం నిర్మాణంలోనే కట్టుబడి ఉన్నది. అది వదలాలంటే దాదాపు 500, 600 డిగ్రీలు కావాలి. మొదటిది మాత్రమే పోయిన మట్టిని పచ్చిమట్టి అంటాం. నీళ్ళలో వేస్తే మళ్ళీ ముద్దవుతుంది, ఎన్నిసార్లైనా. రెండోది కూడా పోయాక దానికి ఇంక వెనక్కి దారి లేదు. నీళ్ళలో వేసినా, వర్షంలో వదిలేసినా, రెండువేల ఏళ్ళు పాతిపెట్టినా అది మట్టిగా మారదు, మహా అయితే పెంకులవుతుంది. నా బొమ్మ పేలింది మాత్రం మొదటి నీళ్ళ వల్లే. బొమ్మ నడుము పిడికిలంత మందం. పైన ఎండింది, లోపల ఆరలేదు. వంద డిగ్రీలు దాటగానే లోపలి తడి ఆవిరై బయటికి దారి వెతుక్కుంది.

పైగా నేను వాడింది స్టూడియో మట్టి ఒక్కటే కాదు, ఊరినుంచి ఓ సంచి తెచ్చి కలిపాను. మా మట్టి గురించి ఒక మాట చెప్పాలి. గోదావరి త్ర్యంబకంలో పుట్టి, దక్కను పీఠభూమి మీద పాత లావా రాళ్ళు చితికి నల్లరేగడైన నేలల్ని కోసుకుంటూ వస్తుంది. అక్కడినుంచి కొట్టుకొచ్చిన మట్టే డెల్టా అయింది. దాని రేణువులు సన్నటి పలకల్లా ఉండి, పలకల మధ్యకి నీళ్ళు పీల్చుకుని ఉబ్బుతాయి, ఎండితే ముడుచుకుంటాయి. వేసవిలో కాలవలు కట్టేశాక అడుగున బయటపడే ఒండ్రు చూసినవాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు, అరచేతి వెడల్పు పగుళ్ళు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలవలు వచ్చాయి. వేసవి సెలవుల్లో మా తరం పిల్లల మట్టి గని అదే. చేతికి వెన్నలా ఉంటుంది. దిట్టంగా చేసి కాలిస్తే మాత్రం ద్రోహం చేస్తుంది.

కుమ్మర్లకి ఇది ఎప్పుడో తెలుసు. ఇసుకో బూడిదో కలుపుతారు, సారె మీద తీసిన కుండని లోపల రాయి పెట్టి, బయట చెక్కతో తడుతూ గోడ పలచన చేస్తారు. మందం తగ్గితే తడి బయటికి పోతుంది, ఆవంలో పగలదు. ఆత్రేయపురం పూతరేకుల్ని చూడండి. బోర్లించిన కుండ కింద మంట, కుండ వీపు మీద పిండిలో ముంచిన గుడ్డ ఒక్కసారి లాగడం, అంతే రేకు. ఆ వేడికి రోజుల తరబడి పగలకుండా నిలబడే వీపు చెయ్యడం చిన్న విద్య కాదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి జీఐ గుర్తింపు వచ్చింది. ఆ పేరులో రేకు ఉంది, కుండ లేదు.

కానీ మా వైపు కుమ్మరి ఇళ్ళ ముందు నేను చూసినవి కుండలు, మూకుళ్ళు, ప్రమిదలు, దీపావళికి మతాబా చిప్పలు. బొమ్మలు ఎప్పుడూ చూడలేదు. బొమ్మలు పిల్లల పని. మట్టి దొరక్కపోతే తాటాకు. తాటాకు బొమ్మలకి పెళ్ళిళ్ళు చేసి, పేరంటాలు పిలిచి, వియ్యాలవారి కయ్యాలు కూడా ఆడి సాయంత్రానికి అవతల పారేసేవాళ్ళు మా పిన్నులు. వాటిలో ఒక్కటీ ఏ మ్యూజియంలోనూ ఉండదు. రాజోలుకి దగ్గర్లో, మామిడికుదురు మండలం ఆదుర్రులో బౌద్ధ స్తూపం శిథిలాలున్నాయి. 1953లో పురావస్తు శాఖ తవ్వింది. అవి ఇటుకలు. అంటే కాల్చిన గోదారి మట్టి, కాబట్టే అన్ని వరదల్ని తట్టుకుంది. ఆ స్తూపం కట్టినవాళ్ళ పిల్లలు పక్కనే అదే మట్టితో ఆడుకునే ఉంటారు. ఇటుకలు మనకు చేరాయి. చరిత్ర అని మనం చదివేదాంట్లో నిప్పుకి ఇంత వాటా ఉందని నేనెప్పుడూ ఆలోచించలేదు.

దీన్ని ఇంకా వెనక్కి లాగితే చెక్ దేశంలో, మొరావియా ప్రాంతంలో తేలతాం. అక్కడ డోల్ని వెస్టోనిట్సే అనే చోట 1925లో ఒక ఆడ బొమ్మ రెండు ముక్కలుగా దొరికింది. పదకొండు సెంటీమీటర్ల ఎత్తు, కాల్చిన మట్టి. వయసు పాతికవేల ఏళ్ళ పైమాటే. ప్రపంచంలో ఎక్కడా కుండ ఆనవాళ్ళు అంత పాతవి దొరకలేదు. మనిషి ముందు బొమ్మని కాల్చాడు, వండుకునే పాత్ర వేల ఏళ్ళ తర్వాత వచ్చింది. అక్కడ ఆ బొమ్మతో పాటు వేల కొద్దీ ముక్కలు కూడా దొరికాయి, ఎక్కువ భాగం పేలిపోయినవి. తడి మట్టినే మంటలో వేసేవాళ్ళని, పేలడమే వాళ్ళకి కావాల్సిందని కొందరు పరిశోధకుల వాదన. శబ్దం, నిప్పురవ్వలు, బహుశా ఏదో తంతు. స్టూడియోలో మేడమ్‌కి ఇది చెప్తే, "అయితే మీరు ప్రాచీన సంప్రదాయంలో ఉన్నారన్నమాట" అన్నారు.

ఆ బొమ్మ వీపు మీద ఒక వేలిముద్ర ఉంది. కొలిచి చూస్తే ఏడు నుంచి పదిహేనేళ్ళ మధ్య పిల్లదో పిల్లవాడిదో అన్నారు. బొమ్మని చేసింది ఆ పిల్లలేనని కాదు, ఎవరో చేసిన పచ్చి బొమ్మని కాల్చకముందు ఎత్తి పట్టుకుని ఉండొచ్చు. నేను మాత్రం ఆ సంగతి చదివిన రాత్రి చాలాసేపు నిద్రపోలేదు.

మన దగ్గర ఈ విద్య ఏ స్థాయికి వెళ్ళిందో చూడాలంటే కోనసీమ వదిలి పడమటికి రావాలి. సంగారెడ్డి దగ్గర కొండాపూర్. హైదరాబాద్‌నుంచి కారులో గంటన్నర, రెండు గంటలు. ఊరి పక్కన ఒక దిబ్బ, దిబ్బ దగ్గర చిన్న మ్యూజియం. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ, గులాం యజ్దానీ డైరెక్టర్‌గా ఉన్న రోజుల్లో, 1940ల మొదట్లో ఇక్కడ తవ్వింది. బయటపడింది ఒక సాతవాహన పట్టణం: నాణేలు, పూసలు, కొలుములు, ఇళ్ళు, వాటితో పాటు బొమ్మలు. మా ఆరేళ్ళ పాపని తీసుకుని ఓ ఆదివారం వెళ్ళాను. గాజు పెట్టెలో నిమ్మకాయంత తలలు, నుదుటి మీద సన్నటి నగ, ఒక్కో తలకీ ఒక్కో కొప్పు. "వీళ్ళ ఒళ్ళేది నాన్నా?" అంది. విరిగిపోయింది అన్నాను.

చాలా బొమ్మలు తెల్లగా ఉంటాయి. ఎర్రమట్టి కాదది, కేయోలిన్. చీనామట్టి అంటారే, అది. పింగాణీకి మూలమైన ఖనిజం అదే. ఇక్కడివాళ్ళు దాన్ని పింగాణీ అయ్యేంత వేడికి తీసుకెళ్ళలేదు, కాబట్టి గాజు మెరుపు లేదు, సుద్దలాంటి నునుపు ఉంది. అసలు విశేషం లోపల. ముందు వైపుకి ఒక అచ్చు, వెనక వైపుకి ఒక అచ్చు. రెండింట్లోనూ మట్టిని పలచగా అదిమి, రెండు సగాల్నీ అంచుల దగ్గర కలిపి అతికిస్తారు. బొమ్మ లోపల గుల్ల. మహారాష్ట్రలోని తేర్‌లో కూడా ఇదే కాలానికి ఇలాంటివే దొరికాయి. ఈ జంట అచ్చుల పద్ధతి రోమన్ ప్రపంచంతో జరిగిన వర్తకం వెంట వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. వచ్చి ఉండొచ్చు. కానీ ఆ కొప్పులు మాత్రం ఇక్కడివే.

అచ్చు గురించి నాకో చిన్న చిరాకు ఉండేది. అచ్చు ఉంటే వంద బొమ్మలు తియ్యొచ్చు, ఆ వందలో ఎవరి ఊహా మిగలదు అనుకునేవాణ్ణి. కొండాపూర్‌లో ఆ అభిప్రాయం కొంచెం మారింది. అచ్చులోకి మట్టిని వేళ్ళతోనే అదమాలి. అంటే చేసినవాళ్ళ ముద్రలు పడితే బొమ్మ లోపలి గోడ మీద పడతాయి, విరిగితే తప్ప ఎవరూ చూడలేని చోట.

ఈ బొమ్మల్లో ఏది దేవత, ఏది ఆటబొమ్మ అన్న చర్చ పుస్తకాల్లో చాలానే ఉంది. సాధారణంగా పండితులు ఆడ బొమ్మ కనబడితే దేవత అంటారు, గుర్రం కనబడితే ఆటబొమ్మ అంటారు. మా అమ్మమ్మ కొలువు చూసి ఉంటే ఇంత కచ్చితంగా అనేవాళ్ళు కాదేమో. అక్కడ కృష్ణుడి పక్కనే ప్లాస్టిక్ కారు ఉండేది, ఇద్దరికీ హారతి ఒకటే.

మన సాహిత్యంలో అందరికీ తెలిసిన మట్టి ఆటబొమ్మ ఒకటుంది. శూద్రకుడి నాటకానికి పేరే దాన్నిబట్టి పెట్టారు, మృచ్ఛకటికం, మట్టి బండి. చారుదత్తుడి కొడుకు రోహసేనుడు పక్కింటివాళ్ళ బంగారు బండితో ఆడుకున్నాడు. వాళ్ళది వాళ్ళు తీసుకుపోయారు. దాసి రదనిక మట్టితో బండి చేసిచ్చింది. పిల్లాడు నాకిది వద్దని ఏడ్చాడు. వసంతసేన తన నగలు తీసి ఇచ్చింది, బంగారు బండి చేయించుకోమని. ఆ తర్వాత కథంతా ఆ నగల వెంట నడుస్తుంది, చారుదత్తుడు వధ్యస్థానం దాకా వెళ్తాడు. మట్టి బండి పేరులో మిగిలింది. ఏడుస్తున్న పిల్లాడి కోసం కూర్చుని చక్రాలు చేసిన రదనిక సంగతి ఎవరూ అడగరు. విమర్శలు రాసేవాళ్ళలో నేనూ ఉన్నాను, నేనూ అడగలేదు, మొన్నటిదాకా.

పచ్చిమట్టి మా ప్రాంతంలో ఒకచోట ఇప్పటికీ పెద్ద పని చేస్తోంది. కొత్తపేటలో. తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో కూడళ్ళలో నిలబడ్డ నాయకుల విగ్రహాలు ఆ ఊళ్ళోనుంచే వెళ్ళాయి. శిల్పి రాజ్‌కుమార్ వుడయార్ పేరు మీరు వినే ఉంటారు. ఇలాంటి విగ్రహాలకి ముందు ఇనుప చట్రం మీద మట్టితో నిలువెత్తు రూపం చేస్తారు. కళ్ళద్దాల వంపు, పంచె మడత, చిరునవ్వు, కళ అంతా అక్కడే, ఆ మట్టిలోనే. తర్వాత దానిమీద అచ్చు తీస్తారు, అచ్చులోంచి ఫైబరో కంచో వస్తుంది. అచ్చు తీశాక మట్టి రూపం పని అయిపోతుంది. విరగ్గొట్టి, తడిపి, ఆ మట్టితోనే ఇంకో నాయకుణ్ణి చెయ్యొచ్చు. పార్టీలు వేరైనా మట్టికి పట్టింపు లేదు. అమ్మమ్మ తొట్టి గుర్తొచ్చింది నాకు.

ఇక ఆ పింగాణీ పిల్ల. అది ఎక్కడిదో ఇంట్లో ఎవరికీ తెలీదు, అమ్మమ్మకి వాళ్ళత్తగారు ఇచ్చారట. ఐరోపాకి పింగాణీ రహస్యం అందింది పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో, 1710లో మైసెన్ కార్ఖానాతో. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీలోని తురింగియా కార్ఖానాలు పింగాణీ బొమ్మలతో ప్రపంచాన్ని నింపాయి. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ సరుకు ఆగిపోతే జపాన్ ఆ చోటులోకి వచ్చింది. చేతులు కదలని, ఒకే ముక్కగా పోసిన చిన్న బొమ్మలు అప్పట్లో చవకవి. మాది ఆ జాతిదే అయ్యుంటుందని నా ఊహ. తుఫానుని తట్టుకుంది, అమ్మమ్మని దాటి బతికింది, ఇప్పుడు విశాఖపట్నంలో మా పెద్దపిన్ని షోకేసులో ఉంది. ఒక్క సంగతి: మమ్మల్ని దాన్ని ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. మా ఇంట్లో మూడు తరాల పిల్లల్లో దానితో ఆడుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఆ చెయ్యి విరగ్గొట్టినవాళ్ళొక్కరే.

రెండోసారి చేసినప్పుడు మేడమ్ చెప్పినట్టే చేశాను. ఊరిమట్టి మూడో వంతుకి తగ్గించాను. బొమ్మ కొంచెం గట్టిపడ్డాక సన్నటి తీగతో నిలువునా కోసి, లోపలి మట్టిని తోడేసి, గోడ వేలి మందం దగ్గర ఆపాను. అంచులు గీరి, జారుమట్టి పూసి మళ్ళీ అతికించాను. పాదం కింద సూదితో చిన్న రంధ్రం. కోసేటప్పుడు చెయ్యి ఆడలేదు, నిజం చెప్పాలంటే. చంకలోని తలని విడిగా చేశాను, పుల్లలు కాలిపోతాయి కాబట్టి ఆకులు కూడా మట్టితోనే. మూడు వారాలు నీడలో ఆరబెట్టాను. ఈసారి పగల్లేదు. ఎర్రగా, మొద్దు దగ్గర కాస్త నల్లగా వచ్చింది. ఏడేళ్ళ పిల్లాడు చేసిన దానికన్నా బాగుంది, అది నాకంత నచ్చలేదు.

అమ్మమ్మ పోయి పదకొండేళ్ళు. ఆవిడ ఉంటే దీన్ని చూసి ఏమనేది? కాల్చినందుకు తిట్టి ఉండేదేమో. వచ్చే ఏడాది మట్టికి ఏం చేస్తావురా అని.

పాపకి తుఫాను కథ, ట్రంకుపెట్టె కథ చెప్పి బొమ్మని చేతికిచ్చాను. పెంకు ముట్టుకోవద్దని చెప్పే తండ్రిని కాకూడదనుకున్నాను. మర్నాడు పొద్దున బాత్‌రూంలోకి వెళ్తే బకెట్ నిండా నీళ్ళు, అడుగున బొమ్మ. రాత్రి నేను పడుకున్నాక వేసిందట.

"ఇది కరగట్లేదేంటి నాన్నా?" అంది. తనకి ఏనుగు చేసుకోవాలని ఉంది.